డ్రమ్ముకి పెట్టిన బొట్టు

మొయినాబాద్ చౌరస్తా దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. ఆధార్ కాపీలు, పాసుబుక్కు ప్రింట్లు, గండిపేట కాలేజీ పిల్లల రికార్డులు, ఫామ్‌హౌస్ అగ్రిమెంట్లు, అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. కాగితం మీద అబద్ధం ఎంత పద్ధతిగా కూర్చుంటుందో నాకు తెలిసినంత ఈ మండలంలో ఇంకెవరికీ తెలియదు. అయినా మొన్న ఒక రంగుల కాగితం నా ప్రింటరులోంచి బయటికి జారుతుంటే నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

ముందు మా వదిన సంగతి చెప్పాలి. మా అన్న భార్య. చిన్న మంగళారం నుంచి సురంగల్ వైపు పోయే దారిలో మా ఊరు. నన్ను ఆ ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి పుట్టిల్లు రెండు గల్లీల అవతలే. రోజూ తిట్టుకోవడానికి వీలైనంత దగ్గర. మా వదిన క్యారెట్లు కడిగే ఆడవాళ్ళ జట్టుకి పెద్ద. ఆమెతో కలిపి ఆరుగురు.

క్యారెట్ పీకిన రోజే కడగాలి. మట్టితో మార్కెట్‌కి పోతే బేరగాళ్ళు బస్తా మూతి కూడా విప్పరు. చేవెళ్ళ చుట్టుపక్కల క్యారెట్ వేసే ప్రతి రైతుకీ ఇది తెలిసిన తలనొప్పే. మధ్యాహ్నం దాకా పీకి, ఆకు కోసి, బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో పోస్తారు. మా వదిన జట్టు చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని ఆ నీళ్ళలో దిగి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తొక్కుతారు. కాయ విరగకూడదు, తోలు లేవకూడదు, మట్టి మాత్రం పోవాలి. చలికాలంలో ఆ నీళ్ళు ఎముకల్ని కొరుకుతాయి. కాలి వేళ్ళ సందులు నాని తెల్లగా ఉబ్బి, తర్వాత చీలిపోతాయి. ఇంటికి వచ్చాక ఆముదంలో పసుపు కలిపి రాసుకుంటూ కూర్చునేది మా వదిన.

"నీ కాళ్ళు సూస్తే మా అన్నకు బువ్వ సయిస్తదా వదినె?" అని ఏడిపించేదాన్ని.

"మీ అన్న నా మొకమే సక్కగ సూడడు. కాళ్ళేడ సూస్తడే?" అనేది, చీలికలో పసుపు మెత్తుకుంటూ.

అయినా ఆ పని అంటే ఆ ఆరుగురికీ ప్రాణం. ఊళ్ళో వాళ్ళ చేతిలో ఉన్న పని అదొక్కటే. కలుపుకి రమ్మంటే పోవాలి, వద్దంటే ఇంట్లో కూర్చోవాలి. కడిగే పని అట్లా కాదు. రైతే మా వదినకి ఫోన్ చేసి, "అక్కా, రేపు మా చేను పీకుతున్నం, జర రాండ్రి" అని బతిమాలాలి. ఏ చేనుకి ముందు పోవాలో, ఎవరిని ఆగమనాలో ఆమె ఇష్టం. ఫోను మోగిందంటే ఇంట్లో ఆమె గొంతు కూడా ఒక మెట్టు పెరిగేది. మా అన్న టీవీ సౌండు తగ్గించేవాడు. ఆ పని పోతే ఆ ఆరుగురూ పొద్దున్నే మళ్ళీ ఎవరి గేటు ముందో నిలబడాల్సిందే. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క పని గురించే.

ఇక ప్రాజెక్ట్ సార్. నగరంలో ఒక సంస్థలో పనిచేస్తాడు. ఇస్త్రీ చెదరని ఖాదీ చొక్కా, భుజానికి గుడ్డ సంచి, నోరు తెరిస్తే "కమ్యూనిటీ". మా దిక్కు ఊళ్ళు తిరుగుతూ కాపీల కోసం నా షాపుకి వచ్చేవాడు. ఎక్కడో చలి దేశంలో ఒక చిన్న పట్నం వాళ్ళు తమలో తాము చందాలు పోగుచేసి, మనలాంటి చోట్ల ఊరివాళ్ళు తమకు తామే చేసుకునే పనులకి చిన్న గ్రాంట్లు ఇస్తారట. అది ఈయన సంస్థ ద్వారా వస్తుందట. ఏం కావాలో ఊరి ఆడవాళ్ళే చెప్పాలట. ఆ చివరి మాట నాకు నచ్చింది. నచ్చింది చూడండి, శని అక్కడే పట్టుకుంది.

ఆ రోజే మా వదిన ఇంటి అరుగు మీద ఆరుగురినీ కూర్చోబెట్టి అడిగాను. వాళ్ళు పెద్ద కోరికలేమీ కోరలేదు. నడుము ఎత్తున తొట్లు కట్టిస్తే నిలబడి చేతులతో కడుక్కుంటామన్నారు. పైన రేకు, మురికి నీళ్ళు పోయేందుకు కాలువ, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు.

"నిలవడి కడిగేటట్టు జెయ్యి. గంతే. నా కాళ్ళు ఎండినై అంటే సాలు," అంది మా వదిన.

అదే నేను ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చాను. సార్ చదివి పెదవి విరిచాడు.

"తొట్టిలో కొత్తదనం ఏముంది మేడమ్? ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెడితే వాళ్ళకి తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి. క్యారెట్ కడిగే డ్రమ్ము మెషిన్లు వస్తున్నాయి. మోటారుతో తిరుగుతుంది. అది రాద్దాం."

అడిగింది ఒకటి, వచ్చేది ఇంకొకటి. అప్పుడే నేను గొడవ పడాల్సింది. కానీ మా వదినకి చెబితే ఆమె కళ్ళు చిట్లించి ఒక్క ప్రశ్నే వేసింది.

"డ్రమ్మైతే డ్రమ్ము. తిప్పేది మేమేనా?"

"మీరేనమ్మా. మెషిన్ మీ సంఘానిదే," అన్నాడు సార్. నేను సాక్షిని.

మెషిన్ శాంక్షన్ అయ్యాక బయటపడింది అసలు తిరకాసు. ఇళ్ళకి వచ్చే కరెంటుతో ఆ మోటారు తిరగదు. బోర్లకి ఇచ్చే త్రీఫేజ్ లైను కావాలి. పక్కనే నీళ్ళు కావాలి, బండి వచ్చే దారి కావాలి. ఊళ్ళో ఈ మూడూ కలిసి ఉన్నది ఒక్క చోటే, మాజీ సర్పంచ్ బోరు దగ్గర. మా వదిన జట్టు ఎక్కువ కడిగే సిమెంటు తొట్టి కూడా అక్కడే ఉంది.

మాజీ సర్పంచ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తాతల నాటి భూమి, రోడ్డు పక్క కొంత ఫామ్‌హౌస్ వాళ్ళకి అమ్మగా మిగిలిందే ఎక్కువ. ఏ పార్టీ గెలిచినా ఫ్లెక్సీలో ఆయన బొమ్మ ఉంటుంది. గొంతు ఎప్పుడూ పెంచడు. పెంచే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"ఆడబిడ్డల పనంటే నేనెట్ల కాదంట? జాగ నాది, నీళ్ళు నాయి, కరెంటు సర్కారుది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు సార్ ముందు.

ఆ మీటింగు ఆయన షెడ్డులోనే జరిగింది. సంఘానికి మా వదినని ప్రెసిడెంట్ చేశారు. కుర్చీలు రెండే వేశారు. ఒకదాంట్లో ఆయన, ఇంకోదాంట్లో సార్. మా ప్రెసిడెంట్ నేల మీద గోనెపట్టా మీద కూర్చుంది. ఆయనలాంటి పటేల్ ముందు కుర్చీలో కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు, కూర్చోమని ఆయన అననూ లేదు. నాకు ఒళ్ళు మండి నిలబడే ఉన్నాను. నిలబడితే ఎవరికి నష్టం? నా కాళ్ళకే.

వానలు తగ్గుతుండగా డ్రమ్ము వచ్చింది. నిజం చెప్పాలి, మంచి మెషినే. ఇనుప చువ్వల పొడుగు పీపా, లోపల నీళ్ళు చిమ్మే గొట్టం. ఒకవైపు క్యారెట్లు పోస్తే దొర్లుకుంటూ ఎర్రగా మెరుస్తూ ఇంకోవైపు పడతాయి. ముందుగా వేసిన చేలు అప్పుడే చేతికి వస్తున్నాయి. జట్టు మొత్తం పొడి నేల మీద చెప్పులేసుకుని నిలబడి పనిచేసింది. స్టార్టర్ మా వదినే నొక్కేది. మొదటి రోజు నొక్కినప్పుడు మోటారు గుర్రుమంటే రెండు గజాలు ఎగిరి పడిందని మిగతావాళ్ళు వారమంతా నవ్వారు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం వాళ్ళింటికి పోతే పాదాలు నా ముందు చాపింది.

"సూడు. పెండ్లిపిల్ల కాళ్ళ లెక్క లేవూ?"

చూశాను. చీలికలు పూడి కొత్త చర్మం వచ్చింది. ఆమె వేళ్ళు విడివిడిగా కనబడటం నేను ఎన్నో ఏళ్ళకి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "థూ, పెండ్లిపిల్లంట, పండ్లు రాలే వయసుల," అని తిట్టి లేచొచ్చాను.

తర్వాత దసరా వచ్చింది.

మా దిక్కు దసరాకి ఎవరి సామాను వాళ్ళు కడిగి, బొట్టు పెట్టి, పువ్వులు కట్టి మొక్కుతారు. ఆటో ఉన్నవాడు ఆటోకి, కుట్టుమిషన్ ఉన్నావిడ కుట్టుమిషన్‌కి. నేను నా జిరాక్స్ మెషిన్‌కి నిమ్మకాయ కూడా కడతాను. బొట్టు ఎవరు పెడితే వస్తువు వాళ్ళది. ఇది ఎక్కడా రాసి ఉండదు. రాయక్కర్లేదు, చిన్నపిల్లలకి కూడా తెలుసు. పక్కింటివాడి బండికి మనం బొట్టు పెట్టం, మన బండికి పక్కింటివాడు పెడితే ఊరుకోం.

ఆ పొద్దున ఆరుగురూ తలంటు పోసుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, స్వయంగా గుచ్చిన చేమంతి దండ పెట్టుకుని డ్రమ్ము దగ్గరికి పోయారు. వాళ్ళతో నేనూ ఉన్నాను. షెడ్డు ముందు వరసగా మాజీ సర్పంచ్ కారు, ట్రాక్టరు, మందు కొట్టే మెషిన్, బోరు స్టార్టర్ డబ్బా, వాటి చివర డ్రమ్ము. అన్నిటికీ ఒకే రకం బొట్టు, ఒకే రకం బంతిపూల దండ. కాయలు కొట్టడం అయిపోయింది. ఆయన భార్య హారతి తిప్పుతోంది. ప్రాజెక్ట్ సార్ చుట్టంలా వచ్చి ఫోన్‌లో ఫొటోలు తీస్తున్నాడు.

మమ్మల్ని చూసి ఆవిడ నవ్వింది. "వచ్చిండ్రా? మంచిగైంది. రాండ్రి, ప్రసాదం తీస్కోండ్రి."

మా వదిన చేతిలో పళ్ళెం అట్లాగే ఉంది. పూజ అయిపోయిన వస్తువుకి మళ్ళీ పూజ చేయరు. చేస్తే మొదటి పూజని తప్పు పట్టినట్టు. పండగ పూట ఒక ముత్తయిదువ పెడుతున్న ప్రసాదం వద్దంటే ఇంక ఆ ఊళ్ళో మొహం ఎత్తుకోలేరు. ఒకరి వెనక ఒకరు చేతులు చాపారు. సార్ "ఇటు చూడండమ్మా" అని డ్రమ్ము పక్కన వాళ్ళని వరసగా నిలబెట్టి ఫొటో తీశాడు. మా వదిన తెచ్చిన దండని మళ్ళీ ఇంటికి తీసుకుపోయి గుమ్మానికి కట్టింది.

దారిలోనే అందుకున్నాను. "ఎందుకు తీస్కున్నవ్ వదినె? గా డ్రమ్ము మాది, మీ బొట్టు తుడిపియ్యుండ్రి అనొద్దా? నోరు పడిపోయిందా?"

"పండుగ పూట పరసాదం వద్దంటరానే? నువ్వుంటివి గద ఆడనే, నువ్వెందుకనలే? నువ్వు గూడ తిన్నవు," అంది.

తిన్నాను. అందుకే ఇంకా మండింది.

దసరా అయిన మర్నాడు స్టార్టర్ డబ్బాకి మాజీ సర్పంచ్ తాళం వేశాడు. తడి చేతులతో ఆడవాళ్ళు కరెంటు ముట్టుకుంటే ఏమన్నా అయితే కేసు తన మీద పడుతుందట. తన దగ్గర పనిచేసే ఇద్దరు బిహార్ కూలీలకి చెప్పాడు తిప్పమని. మీరు క్యారెట్లు పోయండి చాలన్నాడు. కొన్నాళ్ళకి పోయడానికి కూడా ఆ ఇద్దరే చాలన్నాడు. చుట్టుపక్కల పెద్ద రైతులు క్యారెట్లు ట్రాక్టర్లలో అక్కడికే తెచ్చి, ఆయనకి కిరాయి ఇచ్చి కడిగించుకోవడం మొదలుపెట్టారు. ఫోన్లు ఆయనకే పోతున్నాయి. మా వదిన ఫోను గూట్లో పడి ఉండేది.

ఒకరోజు ఆరుగురూ కలిసి పోయి అడిగారు. ఆయన అరవలేదు, తిట్టలేదు.

"మీది మీది అంటున్నరు. మరి పూజకొచ్చి మా ఇంట్ల పరసాదం తిన్నరు గద, అప్పుడు యాదికి రాలేదా మీదని?"

ఎంత చల్లగా అన్నాడో! ఆ ఆరుగురూ తిరిగి వచ్చేశారు. ఇళ్ళకి పోయి కూర్చుంటే గడవదు. డ్రమ్ము దాకా తెచ్చేంత పంట లేని చిన్న రైతులు సురంగల్ అవతల కొందరున్నారు. పొలంలోనే గుంట తవ్వి, టార్పాలిన్ పట్టా పరిచి, నీళ్ళు నింపి, అందులో కడగమన్నారు. మునుపటి సిమెంటు తొట్టి కంటే అధ్వాన్నం. అడుగున రాళ్ళు గుచ్చుకుంటాయి, నీళ్ళు మార్చడానికి ఉండదు. పెండ్లిపిల్ల కాళ్ళు చలి ముదిరేసరికి మళ్ళీ చీలాయి. ఈసారి చీము పట్టింది.

నేను ఊరుకోలేదు. ఆ చలి దేశం సంఘానికే ఇంగ్లీషులో మెయిల్ రాశాను. తాళం సంగతి, బిహార్ కూలీల సంగతి, కాళ్ళ సంగతి, ఏదీ దాచలేదు. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. రాసినందుకు కృతజ్ఞతలట, మీ ఆవేదన మమ్మల్ని కదిలించిందట, తగిన చర్య కోసం దాన్ని మా స్థానిక భాగస్వామికి పంపించామట. స్థానిక భాగస్వామి అంటే ఎవరు? ప్రాజెక్ట్ సారే! రెండో రోజు నా షాపు ముందు బండి ఆపి, నా మెయిలే తన ఫోన్‌లో నాకు చూపించాడు.

"మనలో మనకి ఏమైనా ఉంటే నాకు చెప్పాలి గానీ, బయటి వాళ్ళ ముందు ఊరి పరువు తీస్తారా మేడమ్?"

"పరువు మీదా, ఊరిదా?" అన్నాను. పక్క షాపువాళ్ళు తొంగి చూశారు. "తాళం చెవి ఇప్పించండి, రేపే ఇంకో మెయిల్ రాస్తా, మీరు దేవుడని."

"సర్పంచ్ గారి సహకారం లేకుండా ఆ ఊళ్ళో ఏ పనీ చేయలేం," అన్నాడు. "గ్రాంటు ఇచ్చినవాళ్ళ మేడమే చూడటానికి వస్తోంది. అంతా చక్కబడుతుంది లెండి."

చలి ఇంకా వదలని రోజుల్లో ఆవిడ వచ్చింది. తెల్ల జుట్టు, పలచని మొహం, కాటన్ సల్వార్. ఎవరిని చూసినా చేతులు జోడిస్తోంది. మంచిదే అయ్యుంటుంది. మంచివాళ్ళంటే నాకిప్పుడు ఇంకా ఎక్కువ చిరాకు, వాళ్ళని ఏమీ అనలేం కాబట్టి. ఆ రోజు బిహార్ కూలీలు కనబడలేదు. స్టార్టర్ డబ్బాకి తాళం లేదు. జట్టుని పట్టుచీరలు కట్టుకుని రమ్మని కబురు పెట్టారు. ఐదుగురు అట్లాగే వచ్చారు. మా వదిన మాత్రం ముందురోజు గుంటలో కడిగినప్పటి పాత చీరతోనే వచ్చింది.

డ్రమ్ము గుర్రుమంటూ తిరిగింది. ఆవిడ మురిసిపోయింది. తర్వాత మా వదిన వైపు తిరిగి ఏదో అడిగింది. సార్ తెలుగులో చెప్పాడు. "నువ్వు రోజూ పని ఎట్లా చేస్తావో చూపించమంటున్నారమ్మా."

డ్రమ్ము దగ్గరికి పోతుందని అందరూ పక్కకి జరిగారు. మా వదిన పోలేదు. పక్కనే ఉన్న పాత సిమెంటు తొట్టిలో డ్రమ్ము నుంచి కారిన మురికి నీళ్ళు నిలిచి ఉన్నాయి. మట్టి క్యారెట్ల గంప ఒకటి ఎత్తి అందులో గుమ్మరించింది. చెప్పులు విప్పింది. చీర మోకాళ్ళ పైకి దోపి, ఆ చీము పట్టిన కాళ్ళతోనే నీళ్ళలోకి దిగి తొక్కడం మొదలుపెట్టింది. పట్టుకోవడానికి పక్కన ఇంకొకరి భుజం లేదు. ఒక్కతే చేతులు గాల్లో చాపి తొక్కింది. ఏమీ మాట్లాడలేదు. మాజీ సర్పంచ్ ముందు అంతకంటే గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

సార్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తర్వాత నవ్వు పులుముకుని, మెషిన్ రాకముందు వీళ్ళు ఇట్లా కష్టపడేవాళ్ళని ఈవిడ చూపిస్తోందని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. మాజీ సర్పంచ్ కూడా కొట్టాడు. సార్ వంగి కాళ్ళకి దగ్గరగా ఫోన్ పెట్టి ఫొటో తీసుకున్నాడు.

ముందుకు పోయి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఇది అప్పటి సంగతి కాదు, ఇప్పటిది. నిన్న సాయంత్రం కూడా ఈమె ఇట్లాగే తొక్కింది. ఈ మెషిన్‌కి తాళం వేసి ఉంటుంది. మీకు మెయిల్ రాసింది నేనే. ఆవిడకి అర్థమైంది. అర్థమైందని ఒట్టేసి చెబుతాను. మొహంలో రంగు మారింది, సార్ వైపు చూసింది.

సార్ ఆవిడ చెవి దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. తగ్గించినా నాకు వినబడింది. ఈమె అన్న పంచాయతీ ఎలక్షన్లలో ఎదుటి వర్గం జెండా పట్టుకున్నాడు, ఇదంతా లోకల్ పాలిటిక్స్ అని.

జెండా పట్టుకున్న మాట నిజమే. మా అన్న ఎవరు బిర్యానీ పెడితే వాళ్ళ జెండా పట్టుకుంటాడు. కానీ ఆ ఒక్క ముక్కతో ఆవిడ కళ్ళలో తలుపు మూసుకుపోయింది. నా చెయ్యి పట్టుకుని, ఊరి తగాదాల్లోకి తాము వెళ్ళకూడదనే నియమం ఉందని ఎంతో మృదువుగా చెప్పింది. తర్వాత మా వదిన దగ్గరికి పోయి, ఆమె తడి చేతుల్లో ఒక చాక్లెట్ డబ్బా పెట్టింది. మా వదిన నీళ్ళలోనే నిలబడి దాన్ని తీసుకుంది.

అది జరిగిన కొన్ని వారాలకి, ఏమాత్రం సిగ్గు లేకుండా, సార్ నా షాపుకే వచ్చాడు. గ్రాంట్లు ఇచ్చేవాళ్ళంతా మర్నాడు నగరంలో ఒక హోటల్లో కలుస్తున్నారట. అందరికీ పంచడానికి రంగుల కాపీలు కావాలట. దగ్గర్లో నా ప్రింటరంత బాగా ఇంకెక్కడా రావట. పెన్‌డ్రైవ్ ఇచ్చి, పొద్దున వచ్చి తీసుకుంటానని పోయాడు.

ఒక కాపీ తీసి చూశాను. ఎడమ పక్కన బురదనీళ్ళలో రెండు కాళ్ళు. మొహం లేదు. కింద ఇంగ్లీషులో "మునుపు". కుడి పక్కన దండ వేసిన డ్రమ్ము, పక్కన ప్రసాదం చేతుల్లో పట్టుకుని వరసగా ఆరుగురు ఆడవాళ్ళు. కింద "ఇప్పుడు". ఆ "ఇప్పుడు" దసరా నాటిది. ఆ "మునుపు" మొన్నమొన్నటిది.

షాపు మూసి ఆ కాపీతోనే సురంగల్ దారి పట్టాను. పొద్దు ఇంకా గుంకలేదు. గుంటలో మా వదిన జట్టు తొక్కుతోంది. గట్టు మీద నిలబడి కాగితం చూపించాను.

"గివి ఎవ్వలి కాళ్ళే?" అంది.

"నీయే. మునుపు గిట్లుండె అని రాసిండ్రు."

మా వదిన కాగితం వైపు చూసింది, తర్వాత వంగి నీళ్ళలోకి చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"గవి మునుపటియైతే, మరి గీ నీళ్ళల్ల గిప్పుడు ఎవ్వలున్నరే?"

పక్కావిడ ఆమె భుజం మీద చెయ్యి సర్దుకుంది. "కాయితం అవుతల వెట్టి గా గంప అందియ్యి. బండొచ్చే యాళ్ళయింది," అంది మా వదిన. అందించి వచ్చేశాను.

పొద్దున్నే షాపు తీసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ పేజీ తెరిచాను. ఫొటోలని ముట్టుకోలేదు. వాటి కింద ఉన్న ఆ రెండు మాటల్నీ అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. కాళ్ళ కింద "ఇప్పుడు". డ్రమ్ము పక్కన నిలబడ్డ ఆడవాళ్ళ కింద "మునుపు". నా సర్వీసులో ఇంత నిజమైన కాగితం ఇంకొకటి ప్రింటు తీయలేదు. అన్ని కాపీలూ తీసి, అంచులు సమానంగా తట్టి, బ్రౌన్ కవర్లో పెట్టి టేపు అంటించాను.

సార్ హడావిడిగా వచ్చాడు. కారు దిగకుండానే కిటికీలోంచి చెయ్యి చాపాడు. మీటింగ్‌కి టైమ్ అయిపోతోందట.

"ఫొటోలు బాగా వచ్చాయా మేడమ్?"

"ఇప్పుడు సరిగ్గా వచ్చాయి సార్," అన్నాను.

కవర్ విప్పకుండానే పక్క సీట్లో పెట్టుకుని నగరం వైపు పోయాడు.